వెన్నెముక గాయాలకు అత్యవసర చికిత్స

రోడ్డు ప్రమాదం, ఎత్తునుండి పడటం వంటి కారణాల వల్ల వెన్నుపూసలు, వాటిలోపల ఉండే వెన్నుపాము దెబ్బతినడాన్ని వెన్నెముక గాయం అంటారు. తాటిచెట్ల మీదినుండి జారిపడే కల్లుగీత కార్మికులలో ఈ గాయాలు కనిపిస్తుంటాయి. పూస విరిగినంత మాత్రాన వెన్నుపాము దెబ్బతిన్నట్లు కాదు. పడినచోట కాళ్ళు కదపగలిగిన మనిషికి కూడా, సరిగా ఎత్తకపోవడం వల్ల పక్షవాతం రావచ్చు. తెగిన వెన్నుపామును తిరిగి అతికించే చికిత్స లేదు. కనుక అత్యవసర చికిత్స ముఖ్యోద్దేశం రెండవ గాయం కలగకుండా చూడటమే.

ప్రమాద స్థలంలో

క్షతగాత్రుని కాళ్ళు, చేతులు పట్టి ఎత్తి ఆటోలో కూర్చోబెట్టడం సాధారణంగా జరిగే పొరపాటు. మంటల వంటి ముప్పు లేనప్పుడు అతనిని కదపకుండా, తలను రెండు చేతులతో నిలకడగా పట్టుకొని, 108 అంబులెన్సు కొరకు వేచి ఉండటం మేలు. శ్వాసమార్గం మూసుకుపోతే తలను వెనుకకు వంచరాదు. క్రింది దవడను ముందుకు నెట్టాలి. వాంతి అవుతుంటే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా కొందరు కలిసి ప్రక్కకు దొర్లించాలి. గట్టి బల్ల తరలించడానికి మాత్రమే. దానిపై గంటల తరబడి ఉంచితే పుండ్లు పడతాయి.

ఆసుపత్రిలో

మొదట చూడవలసినవి రక్తస్రావం, శ్వాస, రక్తప్రసరణ. మెడలోని 3, 4, 5 నాడుల ద్వారా విభాజక పటలం పనిచేస్తుంది కనుక మెడ పైభాగపు గాయంలో ఊపిరి ఆగిపోవచ్చు. రక్తపోటు పడిపోవడానికి రెండు కారణాలుంటాయి. రక్తం పోయినప్పుడు సాధారణంగా నాడి వేగంగా, చర్మం చల్లగా ఉంటాయి. వెన్నుపాము పైభాగం దెబ్బతిన్నప్పుడు నాడి నెమ్మదిగా, చర్మం వెచ్చగా ఉంటాయి. అయినా, రక్తస్రావం లేదని తేలేవరకు అదే ఉన్నట్లు భావించాలి. రక్తపోటు, ఆమ్లజని తగ్గితే వెన్నుపాముకు మరింత హాని జరుగుతుంది.

ప్రతి రోగికీ మెడ చిత్రాలు అవసరం లేదు. 2000లో ప్రచురితమైన, 34,069 మందిపై జరిగిన నెక్సస్ అధ్యయనం ప్రకారం మెడ మధ్యభాగంలో నొక్కితే నొప్పి, మత్తు, స్పృహలో మార్పు, నాడీలోపం, దృష్టి మళ్ళించేంత బాధాకరమైన వేరే గాయం - ఈ ఐదూ లేనివారికి చిత్రాలు తీయనక్కరలేదు. అవసరమైన పెద్దలకు ఎక్స్-రే కంటే సీటీ స్కాన్ నమ్మదగినది. వెన్నుపామును చూడటానికి ఎమ్మారై కావాలి.

1990 తరువాత మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను విరివిగా వాడేవారు. ప్రయోజనం స్పష్టం కాకపోవడం, దుష్ఫలితాల దృష్ట్యా 2013లో అమెరికా నాడీశస్త్రవైద్యుల మార్గదర్శకాలు దానిని వద్దన్నాయి. వెన్నుపాముపై ఒత్తిడి ఉంటే, వీలైనంతవరకు 24 గంటలలోపు శస్త్రచికిత్స చేసి తొలగిస్తారు. మూత్రం నిండిన స్పర్శ తెలియని రోగికి గొట్టం అమర్చాలి. పుండ్లు పడకుండా తరచూ ప్రక్కకు మారుస్తుండాలి.