పేరు కుదించారు, పాట కుదరలేదు

నన్ను బడిలో వేసినప్పుడు సారు నా పేరు మార్చి రాశారు. ఇంట్లో పిలిచే పేరు ఏ సర్టిఫికెట్లోనూ లేదు. అందుకే రిచీ వాలెన్స్ కథ చదివి మీకు చెప్పాలనిపించింది.

అతని అసలు పేరు రిచర్డ్ వాలెన్‌జ్వేలా. 1941లో లాస్ ఏంజెలిస్‌లో మెక్సికన్ మూలాలున్న కుటుంబంలో పుట్టాడు. ఎడమచేతి వాటం, అయినా గిటారు కుడిచేత్తోనే నేర్చుకున్నాడు. 1958లో అతని రికార్డులు తీసిన బాబ్ కీన్, అందరికీ నచ్చాలని ఆ పేరుని వాలెన్స్‌గా కుదించాడు.

పాటని మాత్రం ఎవరూ కుదించలేకపోయారు. మెక్సికోలో వెరాక్రూజ్ వైపు పెళ్లిళ్లలో పాడే జానపద పాట 'లా బాంబా'. దాన్ని ఎలక్ట్రిక్ గిటారు మీద రాక్ పాటగా మార్చాడు. అతనికి స్పానిష్ సరిగ్గా రాదు. మాటలు నేర్చుకుని మరీ ఆ భాషలోనే పాడాడు. అమెరికా అంతా విన్నది.

1959 ఫిబ్రవరి 3న అయోవాలో విమానం కూలి చనిపోయాడు. అప్పటికి 17 ఏళ్లే.

పదేళ్ల తర్వాత, 1969లో, మెక్సికోలో పుట్టిన గిటారిస్టు కార్లోస్ సాంటానా వుడ్‌స్టాక్ వేదిక ఎక్కాడు. ఆ బ్యాండు పేరు అతని ఇంటిపేరే. దారి వేసినవాడు తన పూర్తి పేరుతో నడవలేకపోయాడు, వెనక వచ్చినవాడు నడిచాడు.

మన పాటలు మన భాషలోనే నేర్చుకుందాం.