గోడకు ఇటూ అటూ: రాక్, రాప్ కలిసి పాడిన కథ

కిందటేడు ఉగాది కార్యక్రమాల కోసం మా కార్యవర్గం కూర్చున్నప్పుడు యువజన విభాగం పిల్లలు ఒక అంశం పట్టుకొచ్చారు. వెనక గిటార్లు, డ్రమ్ములతో రాక్ బ్యాండు, ముందు ఇద్దరు రాప్ చెప్పేవాళ్ళు. 12 నిమిషాలు కావాలన్నారు. మాలో ఒక పెద్దాయన "ఒక్కొక్కటే భరించలేం, రెండూ కలిపితే ఇంకేముంది?" అన్నారు. అందరం నవ్వాం. ఆ పిల్లల్లో ఒకమ్మాయి మాత్రం నవ్వకుండా, "అంకుల్, మీరెప్పుడైనా విన్నారా?" అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. 'సమయాభావం వల్ల' ఆ అంశం తీసేశాం.

ఆ ప్రశ్న నాలో ముల్లులా ఉండిపోయింది. ఎందుకంటే నేను విన్నాను. 1990ల మొదట్లో మా బేస్‌మెంటులో మా అబ్బాయి రాత్రింబవళ్ళు పెట్టినవి అవే పాటలు. నేను మెట్లు దిగి వెళ్ళిందల్లా 'సౌండు తగ్గించు' అని చెప్పడానికే. ఇప్పుడు వాడికే హైస్కూలుకు వెళ్ళే కూతురుంది. ఫోన్ చేసి, "ఆనాటి పాటలు వరసగా పంపరా, వింటాను" అంటే కాసేపు వాడికి నోట మాట రాలేదు. ఆ చలికాలమంతా విన్నాను, వాటి చరిత్ర చదివాను. నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. చిన్నప్పుడు ఊళ్ళో బుర్రకథలు విన్న చెవి, అంతే. కానీ రాప్ వినడానికి ఆ చెవి బాగానే పనికొచ్చింది.

బుర్రకథలో కథకుడు వేగం అందుకున్నప్పుడు రాగం వెనక్కి తగ్గుతుంది, మాట తాళం మీద స్వారీ చేస్తుంది. పక్కనున్న ఇద్దరు వంతలూ డక్కీలు వాయిస్తూ మాటలు అందిస్తారు, ఎదురు ప్రశ్నలు వేస్తారు. రాప్‌లో జరిగేదీ దాదాపు అదే. అక్కడ ప్రధానం గొంతు కాదు, మాట తాళం మీద ఎక్కడ పడుతుందన్నది. రాక్ సంగతి వేరు. అందులో గిటారే రాజు. కరెంటు పెట్టి గరగరలాడించిన గిటారు నిండుగా మోగుతుంటే మిగిలినవన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. మరి ఒకే పాటలో మాటా, గిటారూ రెండూ రాజులైతే సింహాసనం ఎవరిది? ఈ వ్యాసంలో నేను తేల్చుకోవాలనుకున్న సంగతి ఇదే.

మొదటి ఆశ్చర్యం ఏమిటంటే, ఈ రెండూ తర్వాతెప్పుడో కలిసిన పరాయివాళ్ళు కావు. 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్టుమెంటు భవనంలో ఒక అమ్మాయి పార్టీ పెట్టుకుంది. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబం. వాళ్ళన్నయ్య, డీజే కూల్ హెర్క్‌గా పేరుపడ్డవాడు, పాటలు వేశాడు. పాటలో గొంతులు ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే మోగే చోట జనం ఎక్కువ ఊపుగా ఆడుతున్నారని అతను గమనించాడు. ఒకే రికార్డువి రెండు ప్రతులు పెట్టుకుని, ఒకదాని మీద ఆ డ్రమ్ముల ముక్క అయిపోగానే రెండోదాని మీద అదే ముక్క మొదలుపెట్టి దాన్ని సాగదీయడం అతని ఉపాయం. ఆ ఉపాయం మీదే హిప్‌హాప్ పుట్టింది. డీజేలు ఆ ముక్కల కోసం రికార్డుల దుకాణాలు గాలించేటప్పుడు పాడినవాడు తెల్లవాడా నల్లవాడా అని చూడలేదు. డ్రమ్ము బాగుంటే చాలు. అలా వాళ్ళ పెట్టెల్లోకి రాక్ రికార్డులు కూడా చేరాయి.

వాటిలో ఒకటి బోస్టన్ రాక్ బృందం ఏరోస్మిత్ 1975లో తెచ్చిన 'టాయ్స్ ఇన్ ది ఆటిక్'. అందులో 'వాక్ దిస్ వే' అనే పాట వట్టి డ్రమ్ములతో మొదలవుతుంది. తర్వాత జో పెరీ గిటారు, ఆ తర్వాత స్టీవెన్ టైలర్ గొంతు. న్యూయార్కు క్వీన్స్‌లోని హాలిస్ కుర్రాళ్ళు జోసెఫ్ సిమన్స్, డారిల్ మెక్‌డానియల్స్ ఆ డ్రమ్ముల మీద తమ మాటలు చెప్పుకునేవారు. టైలర్ గొంతు రాబోయేలోపు డీజే రికార్డును వెనక్కి తిప్పేసేవాడు. అందుకని ఆ పాట మొత్తం వాళ్ళు ఎప్పుడూ విననేలేదు. బ్యాండు పేరూ తెలియదు. అట్ట మీద కనిపించిన 'టాయ్స్ ఇన్ ది ఆటిక్' అన్నదే బ్యాండు పేరనుకున్నారు! ఈ ఇద్దరూ, డీజే జేసన్ మిజెల్ అనే జామ్ మాస్టర్ జే, కలిసి రన్-డీఎంసీ. కథకుడూ వంతలూ లాగే ముగ్గురు.

రాక్ గిటారు వాళ్ళకు కొత్తేమీ కాదు. 1984లో 'రాక్ బాక్స్' పాటలో ఎడ్డీ మార్టినెజ్ చేత గిటారు వాయించారు. 1985లో తమ ఆల్బమ్‌కు 'కింగ్ ఆఫ్ రాక్' అనే పేరు పెట్టుకున్నారు. 1986లో మూడో ఆల్బమ్ చేస్తుండగా నిర్మాత రిక్ రూబిన్ ఒక ఆలోచన చెప్పాడు: ఆ డ్రమ్ముల ముక్క ఒక్కటే కాదు, పాట మొత్తం చేయండి, వాళ్ళ మాటలతోనే, వాళ్ళను పిలిపించి మరీ. కుర్రాళ్ళిద్దరికీ నచ్చలేదు. రికార్డు మొదటిసారి చివరిదాకా విని, ఇవేం మాటలని విసుక్కున్నారు. జే మాత్రం ఒప్పుకున్నాడు. ఆ మార్చిలో టైలర్, పెరీ మాన్‌హటన్‌లోని స్టూడియోకి వచ్చారు. మిగతా ఏరోస్మిత్ రాలేదు. అప్పటికి ఆ బ్యాండు పరిస్థితి ఏమంత బాగాలేదు. మత్తుమందులు, చీలికలు, 1985 నాటి రికార్డు సరిగా అమ్ముడుపోకపోవడం. రాప్‌వాళ్ళను రాక్‌వాళ్ళు చేయిపట్టి పైకి లాగారని తరచు చెబుతుంటారు గాని, ఆ గదిలో ఎవరి అవసరం ఎక్కువో ఆలోచిస్తే కథ తిరగబడుతుంది.

పాట బిల్‌బోర్డ్ పట్టికలో 4వ స్థానానికి చేరింది. అసలు పాట 1977లో చేరింది 10వ స్థానానికే. 'రైజింగ్ హెల్' ఆల్బమ్ అమెరికాలో 30 లక్షల ప్రతులు దాటింది. మరుసటి సంవత్సరమే ఏరోస్మిత్ 'పర్మనెంట్ వెకేషన్'తో మళ్ళీ నిలదొక్కుకుంది. వీడియో చాలామంది చూసే ఉంటారు. పక్కపక్క గదులు, మధ్యన గోడ. ఇటు రాప్, అటు రాక్, ఒకరి గోల ఒకరికి పడదు. చివరికి టైలర్ మైకు కర్రతో గోడకు కన్నం పొడుస్తాడు. ఎంటీవీ తొలి సంవత్సరాల్లో నల్లవారి పాటలు ఎంత అరుదుగా వేసేదో తెలిసినవారికి ఆ గోడ వట్టి సెట్టింగు కాదని అర్థమవుతుంది. కొట్టింది తెల్లవాడు కాబట్టే తలుపు తెరుచుకుందా అన్న సందేహం నాకూ ఉంది. ఆ సందేహం న్యాయమైనదే.

కానీ సంగీతంగా అది కుదిరిందా? కుదిరింది. ఎందుకు కుదిరిందో తెలిశాక నాకు మరీ ముచ్చటేసింది. పెరీ ఆ గిటారు ముక్కను 1974 చివర్లో హోనొలులూలో కచేరీకి ముందు శబ్దం సరిచూసుకుంటూ కట్టాడు. అప్పట్లో అతను న్యూ ఆర్లియన్స్ ఫంక్ బృందం 'ది మీటర్స్' పాటలు తెగ వింటున్నాడు. టైలర్ మొదట్లో డ్రమ్మర్. అందుకే ఆ పాటలో మాటలు పాడినట్టుండవు, డ్రమ్ము కర్రల్లా టకటకా పడతాయి. అంటే నల్లవారి ఫంక్ నుంచి రాక్ తెచ్చుకున్న నడకను రాప్ మళ్ళీ పుట్టింటికి తీసుకొచ్చిందన్నమాట. పైగా ఆ గిటారు ఒక మాట అని ఆగుతుంది, మళ్ళీ ఒక మాట అని ఆగుతుంది. ఆ ఖాళీలోనే రాప్‌కు చోటు దొరికింది. ఖాళీ లేకపోతే ఎంత గొప్పవాళ్ళు కలిసినా కుదరదని ఆ చలికాలంలో నాకు పదేపదే రుజువైంది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మాటలోని హల్లులు స్పష్టంగా వినబడాల్సిన స్వరపరిధిలోకే గరగర గిటారు కూడా వచ్చి కూర్చుంటుంది. పెళ్ళిపందిట్లో డోలూ సన్నాయీ జోరందుకున్నాక పక్కవాడితో మాట్లాడబోయిన అనుభవం మనందరికీ ఉన్నదే. మాట అరుపవుతుంది. అరుపైపోయిన రాప్‌లో తాళం మీది నేర్పంతా గాలికి పోతుంది.

అయితే 1991లో పబ్లిక్ ఎనిమీ, ఆంత్రాక్స్ కలిసి 'బ్రింగ్ ది నాయిజ్' చేసినప్పుడు గిటార్లు ఎక్కడా ఊపిరి తీసుకోవు, అయినా పాట అద్భుతంగా ఉంది. నా సిద్ధాంతం ఇక్కడే తప్పిందనుకున్నాను. 1987 నాటి అసలు పాట విన్నాక సంగతి బోధపడింది. అసలుదే ఒక శబ్దాల తుఫాను, అరిచే సైరన్ల మధ్య నుంచి మాట విసిరే పాట. చక్ డీ గొంతు ఆ పోరు కోసమే పుట్టినట్టుంటుంది. ఇక్కడ గిటార్లు కొత్తగా వచ్చి చోటు ఆక్రమించలేదు, సైరన్లు ఖాళీ చేసిన చోటే తీసుకున్నాయి. పైగా ఇది ఎవరో నిర్మాత కుదిర్చిన సంబంధం కాదు. ఆంత్రాక్స్ గిటారిస్టు స్కాట్ ఇయన్ అంతకుముందు నుంచే పబ్లిక్ ఎనిమీ చొక్కాలు తొడుక్కుని వేదికలెక్కేవాడు. అసలు పాటలో చక్ డీ ఆ బ్యాండు పేరు ప్రస్తావించాడు కూడా. ఆ సంవత్సరం రెండు బృందాలూ కలిసి ఊళ్ళు తిరిగి కచేరీలు చేశాయి.

మా అబ్బాయి బేస్‌మెంటులో అరగదీసిన సీడీ మాత్రం 1993 నాటి 'జడ్జిమెంట్ నైట్'. సినిమాను ఇప్పుడు తలుచుకునేవాళ్ళు తక్కువ. పాటలు మిగిలాయి. 11 పాటలు, ప్రతి పాటకూ ఒక రాక్ బృందం, ఒక రాప్ జట్టు. మ్యారేజ్ బ్యూరో వాళ్ళు ఒకే ముహూర్తానికి 11 పెళ్ళిళ్ళు చేసినట్టు! కాగితం మీద చూస్తే లివింగ్ కలర్, రన్-డీఎంసీ జంటకు జాతకాలు బాగా కలవాలి. లివింగ్ కలర్ నల్లవారి రాక్ బృందమే కదా. విన్నాక నాకు ఇద్దరూ మర్యాదకు కలిసి కూర్చున్నట్టే అనిపించింది. స్లేయర్, ఐస్-టీ మూడు పంక్ పాటలను కలిపి ఉతికి ఆరేశారు, బాగుంది, కానీ అందులో రాప్ లేదు, ఉన్నది అరుపే. ఫెయిత్ నో మోర్ బృందానికి, కాలిఫోర్నియా సమోవన్ అన్నదమ్ముల బూ-యా ట్రైబ్‌కూ కుదిరిన పాటలో బలం ఉంది. రాత్రిపూట ఒంటరిగా వినకండి.

వీటన్నిటిలో మాణిక్యం ఎవరూ ఊహించని జంటది. స్కాట్లండ్ బృందం టీనేజ్ ఫ్యాన్‌క్లబ్, న్యూయార్కు రాప్ జట్టు డి లా సోల్ కలిసి చేసిన 'ఫాలిన్'. వెలుగు తగ్గిపోయిన ఒక గాయకుడి గోడు అది. గిటార్లు మెత్తగా, వెనకబడి, దాదాపు సిగ్గుపడుతూ మోగుతాయి. రాప్ చెప్పేవాళ్ళు గొంతు పెంచరు. రాక్, రాప్ కలయిక అంటే కండబలాల పోటీ అని మిగతావాళ్ళు చాలామంది అనుకుంటే, వీళ్ళు దిగులులో కూడా కలవచ్చని కనిపెట్టారు. ఆ పాట మా బేస్‌మెంటులో ఎన్నిసార్లు మోగిందో! నేను తలుపు వేసుకుని పైన కూర్చున్నాను.

అప్పటికే, 1992లో, రేజ్ అగెయిన్‌స్ట్ ది మెషీన్ తొలి ఆల్బమ్ వచ్చింది. అది కలయిక కాదు, ఒకే బృందం. వియ్యంకులు పండక్కి కలవడం వేరు, ఒకే వంటింట్లో కాపురం చేయడం వేరు. కెన్యా తండ్రికీ అమెరికన్ తల్లికీ పుట్టిన టామ్ మొరెల్లో గిటారుతోనే డీజేలు రికార్డును గీకే చప్పుళ్ళు పలికిస్తాడు. నమూనాలు, కీబోర్డులు వాడలేదని అట్ట మీద అచ్చువేసుకున్నారంటే వినేవాళ్ళు నమ్మరనే గదా. వాళ్ళ తర్వాత 1990ల చివర్లో ఆ బాణీలో పుట్టుకొచ్చిన బృందాల గురించి ఎక్కువ చెప్పబుద్ధి కావడం లేదు. కోపం మిగిలింది, ఆ కోపానికి కారణం పోయింది.

చివరిగా మా మనవరాలు పంపిన పాట. 2004లో లింకిన్ పార్క్, జే-జీ కలిసి చేసిన 'కొలిజన్ కోర్స్' బిల్‌బోర్డ్ ఆల్బముల పట్టికలో నేరుగా 1వ స్థానంలో దిగింది. లింకిన్ పార్క్‌కు చెందిన మైక్ షినోడా ముందు ఇద్దరి పాత పాటలనూ అతికి చూశాడు. అతుకులు కుదిరాయని వదిలేయకుండా జే-జీ స్టూడియోకి వచ్చి, కొత్త నడకకు తగ్గట్టు తన భాగాలు మళ్ళీ చెప్పాడు. 'నమ్/ఎన్‌కోర్' పాట 2006లో గ్రామీ గెలిచింది. చెవి పెట్టి వినండి: అసలు 'నమ్' పాటలో హోరెత్తే గిటార్లు ఇక్కడ ఎంతగా తగ్గాయో! సన్నటి కీబోర్డు వరస మీద జే-జీ నింపాదిగా మాట్లాడతాడు, చెస్టర్ బెన్నింగ్టన్ గొంతు తన వంతు వచ్చేదాకా ఆగుతుంది.

జామ్ మాస్టర్ జేను 2002లో క్వీన్స్‌లోని స్టూడియోలో కాల్చి చంపారు. బెన్నింగ్టన్ 2017లో చనిపోయాడు. 'ఫాలిన్'లో గొంతు కలిపిన డి లా సోల్ జట్టులోని ట్రుగాయ్ 2023లో పోయాడు. మా అబ్బాయి ఆ కబురు నాకు మెసేజ్ పెట్టాడు. అప్పటికి ఆ పేరెవరిదో నాకు తెలియదు, 'అలాగా' అని జవాబిచ్చాను.

ఈ ఉగాదికి పిల్లల అంశం కార్యక్రమంలో ఉంది. 12 అడిగారు, 8 నిమిషాలు ఇప్పించగలిగాను. రిహార్సల్‌కు వెళ్ళినప్పుడు ఒక్కటే సలహా చెప్పాను: మాట వచ్చేచోట గిటార్లు కాస్త తగ్గించండని. ఆ అమ్మాయి నవ్వి, "మా డ్రమ్మర్‌కు కూడా చెప్పండి అంకుల్, మా మాట వినడు" అంది.