సాని నుంచి క్రియేటర్ వరకు: ఆకర్షణకు పెట్టిన పేర్ల చరిత్ర

తెలుగు అర్థవిపరిణామ చర్చలలో 'సాని' శబ్దం అర్థగ్రామ్యతకు ఉదాహరణగా తరచు కనిపిస్తుంది. సంస్కృత 'స్వామిని' నుంచి వచ్చిన ఈ మాట మొదట యజమానురాలిని, గౌరవనీయురాలిని సూచించి, కాలక్రమంలో వేశ్యావాచకమైంది. దీనిని కేవలం భాషాధర్మంగా చూస్తే ఒక చారిత్రక సత్యం మరుగున పడుతుంది. ఆకర్షణ జీవనోపాధిగా బతికిన స్త్రీల పేర్లు ఒక్కొక్కటిగా హీనపడ్డాయి. ఆ ఆకర్షణకు మూల్యం చెల్లించిన పురుషుల పేర్లు అంతగా హీనపడలేదు.

కాకతీయుల కాలపు శాసనాలలో ఆలయసేవకు చెందిన 'సానులు' దాతలుగా కనిపిస్తారు. ఆస్తి కలిగి, దానమిచ్చి, తమ పేరును రాతిపై నిలుపుకొన్న స్త్రీలు వారు. ఓరుగల్లు నగరజీవితాన్ని వర్ణించిన 'క్రీడాభిరామము' ప్రతాపరుద్రుని వేశ్య మాచల్దేవిని, ఆమె చిత్రశాలను ప్రస్తావిస్తుంది. అక్కడ వేశ్య నగరవైభవంలో భాగమే గాని దాచవలసిన వ్యక్తి కాదు. 'భోగం' మాట కూడా దేవుని అంగరంగభోగాలకు చెందినదే. అది కులనామమై, చివరకు తిట్టుగా మిగిలింది.

పందొమ్మిదో శతాబ్ది చివర సంస్కరణోద్యమం ఈ మార్పును వేగవంతం చేసింది. కందుకూరి వీరేశలింగం సానిమేళాలను తీవ్రంగా ఖండించారు. ఆ వృత్తిలోని దోపిడీ నిజమైనదే. బాలికలను అందులోకి నెట్టడం అన్యాయమే. అయితే ఖండన వ్యవస్థ వద్ద ఆగక స్త్రీ రచన వరకు సాగింది. తంజావూరి ముద్దుపళని కావ్యం 'రాధికాసాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రకటించగా, ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. ఆ నిషేధం 1947లో గాని తొలగలేదు. శృంగారం రాసిన పురుష కవులు ప్రబంధకర్తలుగా మన్నన పొందుతుండగా, అదే రసాన్ని రాసిన స్త్రీకి ఆమె కులమే దోషమైంది.

దేవదాసీ సమర్పణను మద్రాసు రాష్ట్రంలో నిషేధించిన శాసనం కూడా 1947 నాటిదే. ఆ కాలానికి ఈ సముదాయం 'కళావంతులు' అనే పేరును ఆశ్రయించింది. భాషాశాస్త్రం దీనిని సభ్యోక్తి అంటుంది. సామాజికంగా అది ఆత్మరక్షణ. ఇంత జరిగినా 'రసికుడు' మెప్పుమాటగానే నిలిచింది. 'విటుడు'లో నింద ఉన్నప్పటికీ అది గ్రంథాలు దాటి వీధి తిట్టుగా మారలేదు.

తెలంగాణ వాడుక మరొక సాక్ష్యమిస్తుంది. 'దొరసాని', 'మంత్రసాని' మాటలలో 'సాని' గౌరవం కోల్పోలేదు. మాటలో స్వతస్సిద్ధమైన దోషం లేదని, అది ఎవరిని ఉద్దేశించి వాడబడిందో వారి స్థానమే దాని విలువను నిర్ణయించిందని దీనివల్ల తేలుతుంది.

పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతానికి చేరువలోని ఇంద్రేశం వంటి ఊళ్లలో నేడు పలు రాష్ట్రాల శ్రామికుల భాషలు కలుస్తున్నాయి. అక్కడి తెలుగులోకి హిందీ, ఇంగ్లీషు మాటలు ఫోన్ తెర ద్వారా కూడా చేరుతున్నాయి. సినిమా నుంచి వచ్చిన 'ఐటం' స్త్రీని వస్తువుగా మార్చిన మాట. 2016లో బ్రిటన్‌లో మొదలైన ఓన్లీఫ్యాన్స్ వంటి వేదికలతో, ప్రత్యేక కామాభిరుచులకు తగిన దృశ్యాలను చందాకు అమ్మేవారికి 'క్రియేటర్' అనే పేరు వ్యాపించింది. ఇది 'కళావంతులు' వంటి సభ్యోక్తే. అజ్ఞాతంగా ఉంటూ తన కోరికను గుర్తించే మనిషి దొరికిందన్న భావనే చందాదారుకు ప్రధానాకర్షణ. సానియింటి ఆదరణకు ఇది దూరమైనది కాదు.

చట్టంలోనూ పాత అసమానత నీడ కనిపిస్తుంది. సమాచార సాంకేతిక చట్టంలోని 67ఎ సెక్షన్ లైంగిక దృశ్యాలను ప్రచురించేవారిని, ప్రసారం చేసేవారిని శిక్షిస్తుంది. వయోజనుల దృశ్యాన్ని కేవలం చూసినవారు దాని పరిధిలోకి రారు. 'క్రియేటర్' ఎంతకాలం గౌరవవాచకంగా నిలుస్తుందో 'సాని' చరిత్రను బట్టి ఊహించవచ్చు. చూసేవారికి సమానమైన పేరు భాషలో ఏర్పడనంతకాలం, ఏ కొత్త మాటైనా పాత తిట్టు దారినే పడుతుంది.