ఇంటికొచ్చాక తిరగబెట్టిన జ్వరం

1951లో కొరియా యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికులకు ఇంటిదగ్గర చలిజ్వరం పట్టుకుంది. యుద్ధభూమిలో వారానికోసారి మలేరియా మందు క్లోరోక్విన్ మింగుతూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే వీళ్లు. మాత్రలు ఆపాక, కొందరికి నెలల తర్వాత, పళ్లు టకటకలాడే వణుకు మొదలైంది. మందు వేసుకుంటే తగ్గేది, మళ్లీ తిరగబెట్టేది.

క్లోరోక్విన్ రక్తంలోని వైవాక్స్ అనే మలేరియా క్రిమిని చంపుతుంది. మరి ఈ జ్వరం ఎక్కణ్ణుంచి వస్తోంది? 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాక కూడా ఈ ప్రశ్న తేలలేదు. పైగా 1903లో షౌడిన్ అనే జర్మన్ శాస్త్రవేత్త, దోమ వదిలిన క్రిమి నేరుగా ఎర్ర రక్తకణంలోకి దూరడం చూశానని ప్రకటించాడు. పెద్దాయన మాట కదా, నలభై ఏళ్లకు పైగా దాన్నే నమ్మారు. చివరికి 1948లో లండన్‌లో షార్ట్, గార్న్‌హామ్ ఒక కోతిని వందలాది దోమలచేత కుట్టించి, వారం తర్వాత దాని కాలేయాన్ని పరిశీలించారు. క్రిములు అక్కడ పెరుగుతున్నాయి.

కాలేయం దాకా పనిచేసే మందు ప్రైమాక్విన్. దాన్ని ఇలినాయ్‌లోని స్టేట్‌విల్ జైలులో, కావాలనే మలేరియా ఎక్కించిన ఖైదీల మీద పరీక్షించారు. ఒప్పుకునే చేరారని రాసుకున్నారు గానీ, జైలు గోడల మధ్య ఇచ్చిన ఒప్పుకోలును నేను స్వేచ్ఛ అనలేను. ఆ మందునే, రోజుకు 15 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు, సైనికులకు తిరుగు ప్రయాణంలో ఓడలమీదే ఇవ్వడం మొదలుపెట్టారు. జ్వరాలు బాగా తగ్గాయి.

ఖైదీల్లో కొందరికి మాత్రం మూత్రం నల్లబడి, రక్తకణాలు పగిలిపోయాయి. వాళ్ల ఎర్రకణాల్లో జీ6పీడీ అనే ఎంజైమ్ లోపించిందని 1956లో తేలింది. అందుకే నేడు ప్రైమాక్విన్ రాసేముందు ఆ ఎంజైమ్ పరీక్ష చేయించాలి.

విచిత్రం ఏమిటంటే, మందు దొరికిన ముప్పై ఏళ్లకు గానీ అసలు దోషి కంటపడలేదు. 1980ల మొదట్లో క్రోటోస్కీ బృందం కాలేయ కణాల్లో, ఒకే కేంద్రకంతో, పెరక్కుండా కదలక పడివున్న చిన్న గుండ్రటి క్రిముల్ని చూసింది. నెలల తర్వాత మేల్కొనేవి అవే.

2018లో వాటిమీద ఒకే మోతాదుతో పనిచేసే మందు టాఫెనోక్విన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. అయినా నిద్రలో ఉన్న ఆ క్రిమిని పట్టిచ్చే రక్తపరీక్ష నేటికీ లేదు. కాబట్టి జ్వరంతో వెళ్లినవాళ్లు గత ఏడాదిలో ఏయే ఊళ్లు తిరిగొచ్చారో డాక్టరుకు అడక్కముందే చెప్పాలి. వైవాక్స్ అని తేలితే, జ్వరం తగ్గిందని ప్రైమాక్విన్‌ను మధ్యలో ఆపకూడదు.