పక్కవాద్యం నిలబెట్టిన పాట

1970 జనవరిలో బ్రిటన్‌లో ‘ది మ్యాడ్‌క్యాప్ లాఫ్స్’ అనే రాక్ ఆల్బమ్ విడుదలైంది. పాటలు కట్టి పాడినవాడు సిడ్ బ్యారెట్. పింక్ ఫ్లాయిడ్ బృందానికి తొలి రూపం ఇచ్చింది అతనే. 1968 ఏప్రిల్‌లో ఆ బృందానికి దూరమయ్యాడు. మత్తుమందులు, చెదిరిన మనసు, అంతుపట్టని నడవడి చుట్టూ అల్లుకున్న కథల వల్ల ఈ ఆల్బమ్ ఒక ఒంటరి పిచ్చి మేధావి సృష్టిగా పేరుపడింది. పాటలు అతనివే, సందేహం లేదు. కానీ అవి ఆల్బమ్‌గా మనదాకా వచ్చాయంటే అది స్నేహితుల చలవ.

రాక్ సంగీతంలో సాధారణంగా డ్రమ్స్, బాస్ గిటార్ ముందు రికార్డు చేసి, ఆ లయ మీద గొంతు చేరుస్తారు. అబ్బే రోడ్డులోని ఈఎంఐ స్టూడియోలో ‘నో గుడ్ ట్రయింగ్’, ‘లవ్ యు’ పాటలకు ఈ వరుస తారుమారైంది. బ్యారెట్ గిటార్ వాయిస్తూ పాడిన టేపు ముందే ఉంది. అందులో లయ నిలకడగా లేదు, పాదాల నిడివి కూడా ఒక తీరుగా లేదు. 1969 మేలో సాఫ్ట్ మెషీన్ బృందానికి చెందిన రాబర్ట్ వయట్, హ్యూ హాపర్, మైక్ రాట్లెజ్ ఆ టేపు వింటూ వాయించారు. గాయకుడు ఎటు మళ్లితే అటు మళ్లడం పక్కవాద్యంలోని అసలు విద్య. ఆ పాటల్లో వినిపించే తడబాటు, ఆ వెంటే దొరికే ఊతం రెండూ ఆ విద్యకు సాక్ష్యాలు.

స్నేహితుల చలవ అన్న ఈ మాటకు గట్టి అభ్యంతరమే ఉంది. చివరి విడత రికార్డింగ్‌ను కేంబ్రిడ్జ్ నాటి మిత్రులు, పింక్ ఫ్లాయిడ్ సభ్యులు డేవిడ్ గిల్మోర్, రోజర్ వాటర్స్ నడిపించారు. ‘ఇఫ్ ఇట్స్ ఇన్ యు’ పాటలో బ్యారెట్ స్వరం తప్పి, ఆగి, మళ్లీ మొదలుపెట్టడాన్ని తీసేయకుండా ఉంచేశారు. అంతకుముందు ఆల్బమ్‌లో కొంత భాగాన్ని నిర్మించిన మాల్కమ్ జోన్స్ ఈ ఎంపికను తర్వాత తప్పుపట్టాడు. ఆయన మాట న్యాయమైనదే. మిత్రుడి బలహీనతను బజారున పెట్టకుండా ఉండాల్సింది. బృందం నుంచి తప్పించినవాళ్లే అపరాధభావంతో సాయం చేశారనీ అంటారు. కావచ్చు. అయినా ఒక్క ఆల్బమ్‌తో చేతులు దులుపుకోలేదు: బ్యారెట్ స్థానంలోకి వచ్చిన గిల్మోరే, అదే బృందంలోని రిచర్డ్ రైట్‌తో కలిసి 1970 నవంబరులో వచ్చిన ‘బ్యారెట్’ ఆల్బమ్‌నూ పూర్తిచేశాడు. ఆ తర్వాత 2006 జూలైలో కన్నుమూసేదాకా సిడ్ మరో కొత్త ఆల్బమ్ చేయలేదు.