ఇరుకు డిస్కుల కాలము

1983లో ఐబీఎం సంస్థ తన పీసీ ఎక్స్‌టీ యంత్రమున 10 మెగాబైట్ల హార్డు డిస్కు నమర్చినపుడు ఫ్లాపీలతో విసిగినవారికి అది విశాలమైన భాండాగారముగ తోచెను గాని, పదేండ్లు తిరుగునంతలో విండోసు మొదలగు స్థూలకాయములైన ప్రోగ్రాములు వచ్చి, 40 మెగాబైట్లును చాలని దుస్థితి దాపురించెను.

కొత్త డిస్కు కొనుట వ్యయసాధ్యమైన యా దినములలో, 1990లో, కాలిఫోర్నియాలోని స్టాక్ ఎలక్ట్రానిక్స్ సంస్థ స్టాకర్ అను సాధనమును వెలయించెను. 1977లో అబ్రహాం లెంపెల్, జేకబ్ జివ్ అను ఇజ్రాయేలు పండితులు ప్రకటించిన పద్ధతి దీనికి మూలము: ఒకమారు వచ్చిన అక్షరశ్రేణి మరల వచ్చినపుడు దానిని తిరిగి వ్రాయక, అది పూర్వము వచ్చిన తావును, దాని పొడవును మాత్రమే సూచించుట. ఫైలు వ్రాయునపుడు కుదించుచు, చదువునపుడు విప్పుచు, వాడువాని కంటబడకుండ నీ పని సాగుచుండెడిది. ముందే కుదింపబడిన ఫైళ్లు మాత్రము దీనికి లొంగెడివి కావు.

1993లో మైక్రోసాఫ్ట్ తన ఎంఎస్-డాస్ 6.0లో ఇట్టి కుదింపు సాధనమే యైన డబుల్‌స్పేస్‌ను చేర్చబూనగా, స్టాక్ సంస్థ న్యాయస్థానమున కెక్కి, 1994 ఫిబ్రవరిలో పేటెంటు ఉల్లంఘనకై 12 కోట్ల డాలర్ల తీర్పును జూరీవలన పొందెను. చిన్న సంస్థ సృజనకు దక్కిన యీ గౌరవమును డిస్కు కుదింపు చరిత్రలో మిక్కిలి మెచ్చదగిన ఘట్టముగ నెంచుదును.

ఆ ఇరుకు డిస్కులలో చోటు వృథాయగు గూఢమైన నష్ట మొకటి కూడ ఉండెడిది. డిస్కుపై ఫైళ్లను అమర్చు ఫ్యాట్16 పద్ధతిలో, 1 గిగాబైటు మించిన విభాగమున, ఎంత చిన్న ఫైలైనను 32 కిలోబైట్ల చోటు నాక్రమించెడిది. 1996లో వచ్చిన ఫ్యాట్32 దానిని 4 కిలోబైట్లకు దించగా, పాత డిస్కును ఫైళ్లు చెరపకయే యీ పద్ధతికి మార్చు సాధనము విండోస్ 98తో లభించెను.