మా దస్తూరి ఏ లిపిది?

1860లో నిజాం ప్రభుత్వానికీ ఇంగ్లీషు వాళ్లకూ కుదిరిన ఒప్పందంతో గోదావరి ఎడమ గట్టు తాలూకాలు ఇంగ్లీషు వాళ్ల చేతికి పోయాయి. భద్రాచలం వాటిలో ఒకటి. కుడి గట్టున ఉన్న బూర్గంపహాడ్, పాల్వంచ నిజాం రాజ్యంలోనే మిగిలాయి. అప్పటి నుంచి పడవెక్కి అవతలి గట్టుకు పోతే దొర మారేవాడు, రూపాయి మారేది, కచేరీలో రాత కూడా మారేది. ఇవతల హాలీ సిక్కా, అవతల ఇంగ్లీషు రూపాయి. ఇవతల కుడి నుంచి ఎడమకు నడిచే అక్షరాలు. అవతల ఎడమ నుంచి కుడికి నడిచే తెలుగు, ఇంగ్లీషు అక్షరాలు. రెండు గట్ల మీదా బతికిన కోయవాళ్లకు, కొండరెడ్లకు ఈ రెండు రాతలూ పరాయివే. ఏ రాతలో రాసినా అడవి వాళ్ల చేతి నుంచి జారిపోతూనే వచ్చింది.

ఖమ్మం జిల్లా ముస్లిం అస్తిత్వం గురించి మాట్లాడాలంటే ఈ నది దగ్గర నుంచే మొదలుపెట్టాలి. ఎందుకంటే మమ్మల్ని ఎప్పుడూ రాతను బట్టే లెక్కగట్టారు. ఉర్దూ రాయడం వస్తే పరాయివాళ్లమన్నారు. రాకపోతే సగం ముసల్మానులమన్నారు. మొదటి మాట మెజారిటీ వాళ్లది. రెండో మాట మా ష‌రీఫు ఖాన్‌దానులది.

భద్రాచలం అనగానే రామదాసు గుర్తొస్తాడు. గోల్కొండ చివరి పాదుషా అబుల్ హసన్ తానీషా కాలంలో (1672-1687) కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు. ఆయన మేనమామలు అక్కన్న, మాదన్నలు గోల్కొండలో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు. ఖజానా సొమ్ముతో గుడి కట్టినందుకు గోపన్న జైలుకు పోయాడు. రామోజీ, లక్ష్మోజీ పేర్లతో రామలక్ష్మణులే వచ్చి తానీషాకు మొహరీలు కట్టి, రసీదు రాయించుకుపోయారని కథ. హరికథల్లో, సినిమాల్లో ఈ కథ వెయ్యిసార్లు విన్నాం. ఆ రసీదు ఏ లిపిలో ఉండి ఉంటుందని మాత్రం ఎవరూ అడగలేదు.

కథ సంగతి అటుంచి చరిత్ర సంగతి చూద్దాం. కుతుబ్ షాహీల ఫర్మానాలు చాలావరకు రెండు భాషల్లో ఉండేవి. ఫార్సీ ఒకటి, తెలుగు ఒకటి. ఒకే కాగితం మీద రెండు దస్తూరీలు. రైతుకు అర్థం కాని ఫర్మానా రైతు దగ్గర పన్ను వసూలు చేయలేదు కదా! పాదుషాల ఔదార్యమంటూ నేను దండోరా వేయను. అది పాలన అవసరం. కానీ ఆ అవసరంలోంచే మన మాటలు పుట్టాయి. కలం, కాగితం, దస్తావేజు, రసీదు. చివరికి చేతిరాతకు తెలుగువాడు వాడే మాట దస్తూరి కూడా ఫార్సీ నుంచి వచ్చిందే. “నీ దస్తూరి ముత్యాల్లా ఉందిరా” అని మెచ్చుకునే పంతులుగారికి ఆ మాట ఎక్కడిదో తెలియకపోవచ్చు. మాట మాత్రం ఎప్పుడో ఆయనది అయిపోయింది.

ఈ దస్తూరిలో ఎన్ని రకాలో తెలుగు పాఠకులకు చెప్పినవాళ్లు తక్కువ. ఖురాన్ రాయడానికి నస్ఖ్. ప్రతి అక్షరం స్పష్టంగా, తప్పు చదవడానికి వీల్లేకుండా ఉంటుంది. మసీదు కమాన్ల మీద, గోల్కొండ సమాధుల రాళ్ల మీద నిటారుగా నిలబడేది సులుస్. షాయిరీకి, పత్రికలకు నస్తాలీఖ్. పదం పైనుంచి కిందికి వాలుతూ, కొమ్మ మీంచి పిట్ట దిగినట్టు దిగుతుంది. కచేరీల్లో తొందర రాతకు షికస్తా. షికస్తా అంటే విరిగినదని అర్థం. చుక్కలు ఎగిరిపోతాయి, విడిగా ఉండాల్సిన అక్షరాలు కలిసిపోతాయి. ఇక తుగ్రా. పేరును, దువాను పక్షిలాగా, పడవలాగా, దీపంలాగా మలుస్తుంది. గుల్జార్‌లో అయితే అక్షరం గీతలు గీసి, లోపలంతా పూలు, ఆకులు నింపుతారు.

షికస్తాను చూసి “తురకం రాత, బ్రహ్మకు కూడా అర్థం కాదు” అని నవ్వేవాళ్లు కరణాల గొలుసుకట్టు రాతను ఒకసారి చూడాలి. అక్కడా అక్షరాలన్నీ గొలుసులా కలిసిపోతాయి. తెలుగు ఎమ్మే చదివినవాళ్లు కూడా నోరు వెళ్లబెట్టాల్సిందే. కచేరీ రాత ఏ భాషలోనైనా పేదవాడికి అందకుండానే ఉంది. ఇందులో మతమేమీ లేదు, అధికారం ఉంది.

ఖత్తాతీ నేర్చుకోవడమంటే చాకిరీ. చెక్క తఖ్తీకి ముల్తానీ మట్టి పూసి ఆరబెట్టాలి. రెల్లు కలాన్ని ఏటవాలుగా కోయాలి. ఆ కోతను ఖత్ అంటారు. ఖత్ చెడితే రాత చెడినట్టే. అక్షరం కొలత కలం పెట్టే చుక్కతోనే. అలిఫ్ ఇన్ని నుఖ్తాలు, బే ఇన్ని నుఖ్తాలు అని లెక్క. రాసి, కడిగి, మళ్లీ మట్టి పూసి రాయాలి. పెద్ద రాతను జలీ అంటారు, సన్న రాతను ఖఫీ అంటారు. రెండూ కుదిరినవాడే కాతిబ్.

కాతిబ్ పనితనం ఫర్మానాల్లో, పత్రికల్లో ఉంటే, మామూలు ఇళ్లలో ఆ అక్షరం బయాజ్‌లో బతికింది. బయాజ్ అంటే తెల్లదనం. తెల్ల కాగితాల సొంత పుస్తకం. నచ్చిన షేర్, మొహర్రంలో చదివే నౌహా, పిల్లలు పుట్టిన తారీఖు, దగ్గుకు నుస్ఖా, ఎవరికిచ్చిన బాకీ, అన్నీ అందులోనే. మొదటి పేజీ నెత్తిన 786. అబ్జద్ లెక్కలో బిస్మిల్లా అక్షరాల మొత్తం అది. కాగితం కింద పడి తొక్కుడైతే అల్లా పేరుకు బేఅదబీ కాకూడదని అంకె వేశారు. పేరుండే పేజీకి అంచు తీగలు, గుల్జార్ పూలు. బడికి పోనివ్వని ఆడవాళ్లకు కూడా కొన్ని ఇళ్లలో బయాజ్ ఉండేది. వాళ్ల చదువుకు సర్టిఫికెట్ అదే.

గోదావరి గట్టున ఇంకో పుస్తకం ఉంది, రామకోటి. కోటిసార్లు రామనామం రాసి భద్రాద్రికి సమర్పిస్తారు. ఎర్ర సిరాతో, గళ్లు గీసి, కొందరు అక్షరాలనే విల్లుగా, గుడిగా అమరుస్తారు. నెత్తిన 786 వేసే చెయ్యి, నెత్తిన శ్రీ చుట్టే చెయ్యి ఒకే పని చేస్తున్నాయి. ఒకటి భక్తి, రెండోది తురకం అని విడగొట్టింది చేతులు కాదు.

1948 సెప్టెంబర్ తర్వాత సంగతి వేరు. పోలీసు యాక్షన్‌తో నిజాం రాజ్యం పోయింది. కచేరీల్లో 1880ల దాకా ఫార్సీ, ఆ తర్వాత ఉర్దూ నడిచాయి. ఉర్దూ మీడియంగా 1918లో పుట్టిన ఉస్మానియా ఇంగ్లీషుకు మారింది. తెలుగు పిల్లవాడి మీద ఉర్దూ రుద్దిన రాజ్యం పోవడం న్యాయమే. ఆ రుద్దుడును ఎదిరించిన దాశరథి ఖమ్మంలో చదువుకున్నాడు, జైలుకు పోయాడు. అదే దాశరథి గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చాడు. రాజుకూ భాషకూ తేడా ఆయనకు తెలుసు. ప్రభుత్వాలకు తెలియలేదు. రాజుతో పాటు లిపిని కూడా సాగనంపారు. ఉర్దూ మాత్రమే వచ్చిన గుమాస్తా, మున్షీ ఒక్కసారిగా నిరక్షరాస్యుల కింద లెక్కయ్యారు.

దీని నష్టం ముస్లింలకే అనుకుంటే పొరపాటు. తెలంగాణలో పాత సేత్వార్లు, పహాణీలు చాలావరకు ఉర్దూలో ఉన్నాయి. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో చేసిన, 1970లో గట్టిపరిచిన 1/70 చట్టం ఉంది. అక్కడ కేసు పడితే పాత కాగితం మాట్లాడాలి. ఆ కాగితం చదివేవాడు లేకపోతే ఎవరికి లాభం? కోయ రైతుకైతే కాదు. మా లిపి చచ్చిపోతే ఆయన సాక్ష్యం కూడా మూగబోతుంది.

కాతిబ్‌ల కథ ఇంకోటి. 1949లో హైదరాబాద్‌లో సియాసత్ మొదలైనప్పుడు ఉర్దూ పత్రికంటే చేతిరాత పత్రికే. మామూలు టైపులో నస్తాలీఖ్ వాలు ఇమడదు. 1981 ప్రాంతంలో పాకిస్తాన్‌లో నూరీ నస్తాలీఖ్ వచ్చింది. 1994లో ఇన్‌పేజ్ వచ్చింది. కొన్నేళ్లలోనే కాతిబ్‌లు ఇళ్లకు పోయారు. కొందరు పెళ్లి రుఖ్ఖాలు, దుకాణం బోర్డులు రాసుకుని బతికారు. మద్రాసులో 1927లో మొదలైన ముసల్మాన్ పత్రిక మాత్రం కంప్యూటర్లు వచ్చాక కూడా చాలా ఏళ్లు చేత్తోనే రాయించింది. బాపు చేతిరాత తెలుగువాళ్లకు ఎంత ఇష్టమో చూడండి. దాన్ని ఫాంటుగా చేసి శుభలేఖల మీద, పుస్తకాల అట్టల మీద అచ్చేసుకున్నాం. మంచిదే, బాపు అందుకు తగినవాడు. మరి నస్తాలీఖ్‌లో జీవితమంతా సుర్ఖీలు రాసిన కాతిబ్‌ల పేర్లు ఎందరికి తెలుసు? ముసల్మాను ఇళ్లలో కూడా తెలియవు.

2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాష చేశారు. బోర్డుల మీద అక్షరాలు వచ్చాయి. కానీ ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఖమ్మం పిల్లలు ఎందరో ఆ బోర్డు చదవలేరు. మదరసాలో అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుంటారు, బడిలో తెలుగు, ఇంగ్లీషు రాస్తారు. తాత బయాజ్ ట్రంకు పెట్టెలో చెదలు తింటోంది. దానిలో అల్లా పేరుందని కాల్చరు, చదవడం రాదని తెరవరు.

అందుకని ఉర్దూ రాని దూదేకుల సాహెబును, తెలుగులో నమాజు పుస్తకం చదువుకునే అక్కను తక్కువ చేసే మాట మేం ఒప్పుకోం. తెలుగు లిపి మాది. ఈ వ్యాసం రాసింది అందులోనే. నస్తాలీఖ్ కూడా మాదే, గోదావరి నీళ్లు కలిపిన సిరాతో ఇక్కడే రాసింది. ఒకటి ఉంచుకోవాలంటే ఇంకోటి పారేయాలని అడిగే హక్కు ఎవరికీ లేదు. చేయాల్సిన పని పెద్దదేం కాదు. ప్రతి ఇంట్లో పెట్టె తెరవండి. బయాజ్ బయటికి తీయండి. చదవగల ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు చదువుతుంటే పక్కన తెలుగు లిపిలో రాసుకోండి. కుతుబ్ షాహీ ఫర్మానాలాగా ఒక్క కాగితం మీద రెండు దస్తూరీలు ఉండనివ్వండి. వాళ్లు పోయాక ఆ పేజీల్లో పూలు మాత్రం కనిపిస్తాయి, మాటలు వినిపించవు.